సిపాయి టైము చీటీ

మా కుక్కకు పంచాయతీ బోర్డు పెట్టిన గడువు ఇరవై ఒక్క రోజులు.

1948 ఏప్రిల్ పందొమ్మిదో తేదీ, సోమవారం సాయంత్రం, బోర్డు బంట్రోతు మా వాకిట్లో నిలబడి కాగితం చదివి వినిపించాడు. మే పదో తేదీకల్లా కుక్క అదుపులోకి రావాలి. ఆ రోజు పొద్దున ప్రెసిడెంటు వీరరాఘవులు శెట్టిగారు స్వయంగా బస్సు ఆగేచోటికి వచ్చి చూస్తారు. బస్సు వచ్చి, కండక్టరు టప్పా సంచి దించుకుని పోస్టాఫీసులోకి వెళ్ళేదాకా కుక్క కదలకుండా కూర్చోవాలి. కదిలిందా, ఆ సాయంత్రమే విషం ఉండ.

నేరం రుజువు చేయాల్సిన పని లేదు. ఊరంతా చూసింది. ఆ పొద్దున కండక్టరు కామయ్య సంచి భుజానికెత్తుకుని రెండడుగులు వేశాడో లేదో, మా సిపాయి మెడలో తెగిన తాడుతో దూసుకొచ్చి అతని పిక్క పట్టుకున్నాడు. పట్టుకున్నాడు అనే అంటాను. మా ఇంట్లో సిపాయిని ఎవరూ 'అది' అనేవాళ్ళు కాదు.

బంట్రోతు వెళ్ళిపోయాక, అరుగు మీద కూర్చున్న మా నాయన ఒక్క మాట అడిగాడు.

"సంచి కింద పడిందా?"

"లేదు నాయనా. కామయ్య పడినాడు గానీ సంచి మాత్రం ఇడవలా."

"అయితే మంచోడే," అని నాయన మళ్ళీ రోడ్డు వైపు తిరిగాడు.

మా నాయన వరదయ్య ఇరవై ఆరేళ్ళు టప్పా రన్నరు. ఆత్మకూరు నుంచి ఉదయగిరికి ఉత్తరాలు అంచెలంచెలుగా మనుషుల భుజాల మీదనే వచ్చేవి. చివరి అంచె నాయనది. తెల్లవారుజామున ఐదింటికి ఇక్కడి సంచితో బయల్దేరి, దుత్తలూరు దారిలో ఐదో మైలురాయి దాకా పరుగున వెళ్ళేవాడు. అవతలి నుంచి దుత్తలూరు రన్నరు పెంచలయ్య ఆ రాయి దగ్గరికే వచ్చేవాడు. సంచులు మార్చుకుని ఎవరి దారిన వాళ్ళు వెనక్కి తిరిగేవాళ్ళు. నాయన చేతిలో గజ్జెలు కట్టిన ఈటె ఉండేది. ఆ గజ్జెలు వినిపిస్తే పెద్దరెడ్ల బండ్లు కూడా రోడ్డు దిగి ఆగేవి. మా మిషన్ పేటలో పుట్టిన మనిషికి ఊళ్ళో అందరూ దారి ఇచ్చేది ఆ ఒక్క చప్పుడు విన్నప్పుడే. సిపాయి పిల్లగా ఉన్నప్పటి నుంచి ఆరేళ్ళపాటు ఆ పరుగులో నాయన ఎడమ పక్కనే ఉన్నాడు.

ఏప్రిల్ ఒకటో తేదీ నుంచి టప్పా బొగ్గుతో నడిచే బస్సుకెక్కింది. నాయన ఈటె, గజ్జెలు పోస్టాఫీసులో అప్పగించి వచ్చి అరుగెక్కాడు. గుడికి తప్ప వీధిలో అడుగుపెట్టడం మానేశాడు. సిపాయిని గుంజకు కట్టేశాడు. పద్దెనిమిది రోజులు ఇద్దరూ ఒకే రోడ్డును చూస్తూ కూర్చున్నారు. పందొమ్మిదో రోజు ఒకడు తాడు తెంపుకున్నాడు.

నాకప్పుడు పందొమ్మిదేళ్ళు. మిషన్ ఆడపిల్లల బడిలో టీచరుగా చేరి ఏడాది అయింది. అందరూ నన్ను దయామణి టీచరమ్మ అని పిలవడం అప్పుడప్పుడే అలవాటవుతోంది. మా బడి నడిపే దొరసానమ్మ దగ్గర పొట్టి కాళ్ళ కుక్క ఒకటి ఉండేది. దానికి తోలుపట్టీ కట్టి పొద్దునా సాయంత్రం కాంపౌండు చుట్టూ తిప్పుతుంటే ఊళ్ళో వాళ్ళు గోడల మీద నుంచి చూసి నవ్వేవాళ్ళు. నేను ఆమె దగ్గరికి వెళ్ళి సిపాయి సంగతి చెప్పాను. ఆమె అంతా విని, వాడికి పిచ్చి లేదు, పని పోయింది, ఒక వేళా ఒక దారీ పెట్టుకుని రోజూ తప్పకుండా నడిపించు, అంది.

దేనికైనా ముందు టైంటేబుల్ గీయడం ట్రెయినింగులో నాకు అంటుకున్న జబ్బు. బడి కాగితం మీద నాలుగు గళ్ళు గీశాను. ఐదున్నరకు ఇంటి నుంచి బయల్దేరడం, ఆరింటికి కొండ కింద, ఆరున్నరకు చెరువు కట్ట, ఏడింటికి ఇల్లు. సాయంత్రం మళ్ళీ ఒక చుట్టు. మా అమ్మ శీనమ్మ చేట పక్కన పెట్టి ఆ కాగితం అటూ ఇటూ తిప్పి చూసింది.

"కుక్కకు టైంటేబులా? మీ నాయనకు గియ్యరాదా ఇట్టాంటిది ఒకటి, అరుగు అరిగిపోతా ఉండాది," అంది.

అదే నా ఎత్తు కూడా. నడిపించేది నాయనే కావాలి. కాగితం తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టాను. ఆయన దాన్ని ముట్టుకోలేదు.

"సర్కారు ముద్ర మోసుకుని నడిచినోణ్ణి నేను. ఇప్పుడు తాడు పట్టుకుని వీధుల్లో తిరగాల్నా? ఎలుగ్గొడ్డును ఆడించేవోడి మాదిరి?"

సరే, నేనే నడిపిస్తానన్నాను. ఆయన వద్దనలేదు. బాగుంటుందనీ అనలేదు.

ఇరవై మూడో తేదీ పొద్దున సిపాయి మెడకు కొత్త నులకతాడు కట్టి బయల్దేరాను. నా టైంటేబుల్ పోస్టాఫీసు మలుపు దాకా నడిచింది. అక్కడ నేను కొండ వైపు తిరిగాను, సిపాయి దుత్తలూరు వైపు తిరిగాడు. తాడు నా అరచేతిలోంచి చర్మాన్ని కూడా తీసుకుని వెళ్ళిపోయింది. చెప్పులు చేత పట్టుకుని వాడి వెనక పరుగెత్తాను. మొదటి మైలు దాటాక నడిచాను. మూడో మైలు దాటాక ఏడ్చాను.

సిపాయి ఐదో మైలురాయి పక్కన, దుత్తలూరు వైపు ముఖం పెట్టి కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి తోక ఆడించాడు గానీ లేవలేదు. లాగాను, బతిమిలాడాను, ఒడిలోని రొట్టెముక్క చూపించాను. వాడికి నా మీద కోపం లేదు, నాతో పని కూడా లేదు. ఎండ నెత్తి మీదికి వచ్చేదాకా ఇద్దరం అలాగే ఉన్నాం. చివరికి ఆ దారిన వచ్చిన చింతపండు బండివాణ్ణి బతిమిలాడి, ఇద్దరం కలిసి ఎత్తి బండిలో పడేసి ఊరు చేర్చాం. పోస్టాఫీసు దగ్గర బంట్రోతు ఎదురై, ఇంకా పదిహేడు రోజులుండాయి టీచరమ్మా అని లెక్క చెప్పిపోయాడు.

నేను కాళ్ళకు ఆముదం రాసుకుంటూ అమ్మతో ఇదంతా చెబుతుంటే అరుగు మీది నుంచి నాయన గొంతు వినిపించింది.

"సంచి మారందే వాడెట్టా తిరుగుతాడు?"

నిప్పు మీద పెడితే నీళ్ళు కాగుతాయి అన్నంత మామూలుగా అన్నాడు ఆ మాట.

అప్పుడర్థమైంది నా తప్పు. వాడికి నడక అంటే దూరం కాదు. బయల్దేరడం, సంచి చేతులు మారడం, తిరిగి రావడం, ఇంతే వాడికి తెలిసిన నడక. కామయ్యను కరిచింది కూడా అందుకే. చేతులు మారకుండా సంచి ఎత్తుకుపోయేవాడు వాడి లెక్కలో దొంగ.

మర్నాడు పాత గోతాం ఒకటి తీసుకుని వెళ్ళాను. ఐదో మైలురాయి దగ్గర అవతలికి నాలుగడుగులు వేసి, ఎదురుగా నడిచొచ్చి, గోతాన్ని కుడిచేతి నుంచి ఎడమచేతికి మార్చాను. సిపాయి నన్ను చూసిన చూపు ఇప్పటికీ మరవలేదు. బడిలో తప్పు లెక్క చేసి తెచ్చిన పిల్లను నేనూ అట్లాగే చూసేదాన్ని. ఆ రోజు కూడా వాణ్ణి బండిలోనే తెచ్చాం.

ఇక ఒకటే దారి. దుత్తలూరు పెంచలయ్యకు కార్డు రాశాను. ఫలానా వరదయ్య కూతురును, మా కుక్క ప్రాణం మీదికి వచ్చింది, ఒక్క రోజు పొద్దున ఐదో మైలురాయి దాకా ఏదైనా సంచితో రాగలరా, అని. ఆ కార్డు వెళ్ళింది మాత్రం బస్సులోనే.

ఐదు రోజులకు, ఇరవై తొమ్మిదో తేదీన ఆయన వచ్చాడు. అప్పటిదాకా నేను ఆయన్ను చూసి ఎరగను. ఇరవై ఆరేళ్ళుగా నాయన రోజూ కలిసిన మనిషి మా గుమ్మం ఒక్కసారి తొక్కలేదు, నాయనా వాళ్ళది తొక్కలేదు. ఇద్దరికీ తెలిసింది ఆ రాయి ఒక్కటే. సన్నగా, వెదురుబొంగులా ఉన్నాడు. భుజాన వేరుశనగ సంచి. మలుపులో ఆయన తలపాగా కనపడగానే సిపాయి లేచి నిలబడ్డాడు. గంతులు వేయలేదు, మొరగలేదు. పనిలో ఉన్న మనిషి లాగా నిటారుగా నిలబడ్డాడు. ఒళ్ళు మాత్రం ముక్కు నుంచి తోక దాకా వణుకుతోంది.

పెంచలయ్య సంచి నా చేతిలో పెట్టాడు. నా గోతాం తాను తీసుకున్నాడు. సిపాయి సంచిని ఒకసారి వాసన చూసి, వెనక్కి తిరిగి, ఉదయగిరి వైపు నడక మొదలుపెట్టాడు. అంతే.

నేను వాడి వెనక వెళ్ళబోతుంటే పెంచలయ్య ఆపాడు.

"మీ నాయన యాడ?"

"ఇంట్లో ఉండాడు చిన్నాయనా. రాడు."

"రాడా?" ఆయన తలపాగా తీసి ముఖం తుడుచుకున్నాడు. "ఇదిగో అమ్మాయ్, ఈ ఒక్క దినం నీ కోసరం వచ్చినా. రేపు వస్తే రన్నరు కోసరం వస్తా. టీచరమ్మతో సంచి మార్చేది నా అంచెలో లేదు. పోయి మీ నాయనతో చెప్పు, ఇరవై ఆరేండ్లలో ఒక్కనాడన్నా నాకంటే ముందు వచ్చినోడు కాదు, ఇప్పుడు మాత్రం యాడొస్తాడులే అన్నాడని."

ఆ మాట ఉన్నదున్నట్టు మోసుకొచ్చి అరుగు మీద దించాను. నాయన చుట్ట ఆర్పేశాడు.

"వాడా ముందొచ్చేది?" అన్నాడు. "వానాకాలం ఎన్నితూర్లు ఆ రాయి కాడ తడస్తా నిలబడినానో వాణ్ణి అడగాల్సింది."

"నువ్వే అడుగు."

మర్నాడు ఐదింటికి నేను లేచేసరికి అరుగు ఖాళీగా ఉంది. గుంజ ఖాళీగా ఉంది. కుండలో చద్దన్నం కూడా ఖాళీ. అమ్మ ఆ మూడింటినీ చూసి కసువు ఊడ్చుకుంది. అరుగు మాత్రం రెండుసార్లు ఊడ్చింది.

మొదటి రోజు నాయన పది గంటలకు తిరిగొచ్చాడు. పాదాలు పొక్కాయి. నెల రోజుల అరుగు ఆయన పిక్కల్ని తినేసింది. రెండో రోజు తొమ్మిదిన్నర. ఆదివారం గుడిగంట కొట్టేలోపల వచ్చి, చొక్కా మార్చుకుని మగవాళ్ళ వరుసలో కూర్చున్నాడు. నా టైంటేబుల్ ను ఒకరోజు తానే అడిగి తీసుకున్నాడు. చదివి, దీంట్లో ఏమీ లేదన్నాడు. రన్నరుకు టైము చీటీ ఉంటుందట. బయల్దేరిన వేళ, సంచి మారిన వేళ, తిరిగి చేరిన వేళ, చివర్లో ఆలస్యానికి కారణం. ఒక్కో గడిలో ఒక్కో సంతకం. నన్ను కూర్చోబెట్టి గళ్ళు గీయించాడు. పైన ఏం రాయమంటావంటే, "సిపాయి నడక" అని రాయమన్నాడు. నడిచేది కుక్క, తాను వెంట పోతున్నాడు, అంతే. మా ఇంట్లో ఎవరమూ దాన్ని కాదనలేదు.

చీటీ రోజూ ఐదో మైలురాయి దాకా వెళ్ళి పెంచలయ్య వేలిముద్రతో తిరిగొచ్చేది. సంచిలో ఏముండాలన్నది ఆడవాళ్ళ పనైంది. అమ్మ చింతచిగురు పంపితే అవతలి నుంచి వేరుశనగలు వచ్చేవి. ఊరగాయ వెళితే జొన్నలు వచ్చేవి. ఎప్పుడూ చూసుకోని ఇద్దరు ఆడవాళ్ళు నా చేత చీటీలు రాయించుకుని ఒకరి కూర మీద ఒకరు తీర్పులు చెప్పుకున్నారు. ఊళ్ళో మాత్రం నవ్వులు ఆగలేదు. వరదయ్యకు కుక్క కొలువు ఇచ్చిందిరా, అని బస్సు ఆగేచోట టీ కొట్టు దగ్గర ఒకడు అన్నాడట. నాయన విని, కొలువంటూ ఉండాదిలే, నీకు అదీ లేదు గదా, అని నడుచుకుంటూ వెళ్ళిపోయాడట.

ఐదో తేదీన పెంచలయ్య తన ఎద్దు మెడలో గంటలపట్టీ విప్పి తెచ్చి సిపాయి మెడకు కట్టాడు. గజ్జెలు లేకుండా టప్పా ఏంది అన్నాడట.

ఇంత జరిగినా అసలు గండం అలాగే ఉంది. ఎనిమిదిన్నరకు బస్సు వస్తుంది. ఆ వేళకు సిపాయి ఇంట్లో కట్టేసి ఉన్నా, హారను వినపడగానే తాడు బిగిసేది, గొంతులో గుర్రు మొదలయ్యేది. ఐదో మైలురాయి దగ్గర ఎంత పెద్దమనిషిగా ఉన్నా, కామయ్య విషయంలో వాడి తీర్పు మారలేదు. తొమ్మిదో తేదీ సాయంత్రం ఇదే చెప్పి, ఏం చేద్దాం నాయనా అన్నాను. ఆయన సిపాయి చెవి వెనక గోకుతూ, రేపు రానీ, ఇంకా ఒక పొద్దు ఉండాది గదా, అన్నాడు. ఆయన దగ్గర ఏదో ఆలోచన ఉందనుకుని నేను పడుకున్నాను. లేదని తర్వాత ఒప్పుకున్నాడు.

మే పదో తేదీ. ఎనిమిదింటికే శెట్టిగారు గొడుగుతో, బంట్రోతుతో వచ్చి టీ కొట్టు ముందు బెంచీ మీద కూర్చున్నారు. బంట్రోతు చేతిలో ఆకుపొట్లం ఒకటి ఉంది. అందులో ఏముందో నేను అడగలేదు. మనుషులు చేరారు. ఎనిమిదిన్నరయింది. బస్సు రాలేదు. అంతకంటే నన్ను భయపెట్టింది వేరే. నాయనా రాలేదు, సిపాయీ రాలేదు. ఆ వారంలో వాళ్ళు ఎనిమిదిన్నర దాటించింది లేదు.

తొమ్మిదయింది. తొమ్మిదిన్నరయింది. పోస్టుమాస్టరు మెట్ల మీదికి వచ్చి రోడ్డు చూసి లోపలికి వెళ్ళాడు, మళ్ళీ వచ్చాడు. బస్సూ లేదు, కుక్కా లేదే అని శెట్టిగారు అంటే, కుక్కే బస్సును మింగింటాదిలే సామీ అని ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వబోయాను, రాలేదు. దారిలో బస్సు కనపడి సిపాయి మళ్ళీ మీద పడ్డాడా? చక్రం కింద పడ్డాడా? కుక్కను దాచిపెట్టడానికే వరదయ్య ఊరు దాటించినాడని వెనక నుంచి ఒకడన్నాడు. ఆ మాటకు శెట్టిగారి ముఖం మారింది.

"చూడు టీచరమ్మా," అన్నారు. "మీ నాయన మాట మీద నిలబడే మనిషని గడువు ఇచ్చినాను. పదింటి దాకా చూస్తా. ఆ తర్వాత కుక్క యాడ కనపడితే ఆడనే పని అయిపోతాది."

పది కావడానికి ఏడు నిమిషాలు. నేను పోస్టాఫీసు గడియారాన్నే చూస్తూ నిలబడ్డాను.

మొదట విన్నది మా అమ్మ. ఎప్పుడొచ్చిందో నా పక్కన నిలబడి ఉంది. నా మోచెయ్యి పట్టుకుంది. తర్వాత నాకూ వినపడింది. మలుపు అవతల గంటలు. నడకవి కావు. పరుగువి.

మలుపులో దుమ్ము లేచింది. దుమ్ములోంచి ముందు సిపాయి వచ్చాడు, నాలుక వేలాడుతూ, దారి మధ్యలో. వాడి పక్కన నాయన. పొట్టి అడుగులతో, మోకాళ్ళు పైకి ఎత్తకుండా, తల కదలకుండా రన్నర్లు పరుగెత్తే పరుగు అది. భుజాన ఖాకీ సంచి. నోటికి సీలు వేసిన సర్కారు సంచి.

అప్పుడు జరిగింది ఒక చిన్న సంగతి. రోడ్డు మీద నిలబడ్డ జనం రెండుగా చీలారు. ఎవరూ చెప్పలేదు. టీ కొట్టు వాడు బల్ల వెనక్కి లాక్కున్నాడు. ఒక బండివాడు ఎద్దుల్ని పక్కకు తిప్పాడు. రోడ్డుకు అడ్డంగా నిలబడి ఉన్న శెట్టిగారు, మాట మధ్యలో ఉన్నవారు, గొడుగు మూసి రెండడుగులు పక్కకు వేశారు. వేశాక ఎందుకు వేశానా అన్నట్టు తన కాళ్ళ వైపు చూసుకున్నారు.

నాయన వాళ్ళ మధ్యలోంచి నేరుగా పోస్టాఫీసు మెట్లెక్కి సంచి బల్ల మీద పెట్టాడు. ఊపిరి అందడం లేదు. అయినా మొదట సీలు చూపించాడు. పోస్టుమాస్టరు సీలు చూసి, గడియారం చూసి, పుస్తకంలో రాసుకున్నాడు.

సంగతి తర్వాత తెలిసింది. బస్సు రాత్రి దుత్తలూరులో ఆగుతుంది. ఆ పొద్దున బొగ్గుకుంపటి రాజుకోలేదు. ఐదింటికి బయల్దేరిన పెంచలయ్య ఆ తంటా చూసి ఆగిపోయాడు. ఎనిమిది దాకా డ్రైవరు ఊదాడు, కామయ్య ఊదాడు, బస్సు కదలలేదు. అక్కడి పోస్టుమాస్టరు సంచి పట్టుకుని దిక్కులు చూస్తుంటే పెంచలయ్య వెళ్ళి, నేను ఎటూ ఐదో మైలుకు పోయేవాణ్ణే, ఇట్టియ్యండి, అన్నాడు. ఇవతల రాయి దగ్గర నాయన రెండున్నర గంటలు నిలబడ్డాడు. గడువు సంగతి మరిచిపోలేదు. కానీ సంచి మారందే సిపాయి తిరగడు. ఆ మాటకొస్తే తానూ తిరగడు.

శెట్టిగారు మెట్ల దాకా వచ్చారు. గొంతు కొంచెం తగ్గించి, సంచి తెచ్చింది నిజమే వరదయ్యా, అయినా కండక్టరు విషయం తేలలేదు గదా, అన్నారు. ఆ మాట న్యాయమే. నాయన ఒప్పుకున్నాడు. కండక్టరు వచ్చినాక చూడండి అన్నాడు. నీళ్ళు తాగి, గోడకు ఆనుకుని కూర్చుని, పోస్టాఫీసు గుమ్మం నుంచి బస్సు ఆగేచోటు దాకా కళ్ళతో అడుగులు కొలిచాడు. నేను చూస్తూనే ఉన్నాను. అప్పుడే ఆయనకు ఆలోచన వచ్చింది.

బస్సు మూడింటికి పొగ కక్కుతూ వచ్చింది. నాలుగింటికి తిరిగి వెళ్ళాలి. వెళ్ళే సంచిని కామయ్య వచ్చి తీసుకోవాలి. సిపాయిని చూసి కామయ్య బస్సు మెట్టు దిగనన్నాడు. నాయన పోస్టుమాస్టరు దగ్గరికి వెళ్ళి చెయ్యి చాపాడు. వెళ్ళే సంచి ఇప్పించమన్నాడు. ఆయన రూల్సు అన్నాడు. పొద్దున ఒక సంచి నా భుజాన వచ్చినప్పుడు యాడుండాయి సామీ ఆ రూల్సు అని నాయన అడిగితే, ఆయన కళ్ళజోడు తుడుచుకుని సంచి ఇచ్చాడు.

ఇరవై రెండు అడుగులు. నాయన పరుగెత్తలేదు, కానీ రన్నరు నడకే నడిచాడు. ఎడమ పక్కన సిపాయి. బస్సు ముందు ఆగాడు.

"దిగు కామయ్యా."

"నా ఇంకో పిక్క కూడా కావాల్నా ఆయనకు?" అన్నాడు కామయ్య.

"దిగరా నాయనా. నా చేతి సంచి నువ్వు తీసుకో. నీ చేతిదేదన్నా నాకియ్యి. ఊరికే తీసుకోబాక. మార్చుకోవాల, అంతే."

కామయ్య చేతికి అందింది ఖాళీ బొగ్గు గోతాం. దాన్ని పట్టుకుని ఒక్కో మెట్టే దిగాడు. సిపాయి గొంతులో గుర్రు మొదలైంది. నాకు వినపడింది. గోతాం నాయన చేతికి వచ్చింది. ఖాకీ సంచి కామయ్య చేతికి వెళ్ళింది.

గుర్రు ఆగిపోయింది.

సిపాయి బొగ్గు గోతాన్ని వాసన చూసి ఒక తుమ్ము తుమ్మాడు. కామయ్య వైపు చూశాడు. పెంచలయ్యను చూసిన చూపే. తర్వాత వెనక్కి తిరిగి, గంటలు మోగించుకుంటూ, మా ఇంటి వైపు నడిచాడు. కామయ్య ఇంకా కళ్ళు మూసుకునే ఉన్నాడు. అయిపోయింది, కండ్లు తెరువు, అని నాయన అతని భుజం తట్టాడు.

శెట్టిగారు కాగితం మడిచి లోపలి జేబులో పెట్టుకున్నారు. చేతిలోని పొట్లాన్ని టీ కొట్టు పొయ్యిలో పడేయమని బంట్రోతుకు చెప్పారు. పోతూ పోతూ పోస్టుమాస్టరుతో, ఈ ఇరవై రెండు అడుగులూ రోజూ వరదయ్యే నడవాల, లేకుంటే కుక్క సంగతి నా పూచీ కాదు, అన్నారు.

నాయన రోజూ నడిచాడు. పొద్దున ఐదో మైలురాయికి కుక్క కోసం, సాయంత్రం ఇరవై రెండు అడుగులు ఊరి కోసం. సిపాయి ఇంకా ఏడేళ్ళు బతికాడు. కామయ్యను చూస్తే ఇంటల్లుణ్ణి చూసినట్టు తోక ఆడించేవాడు.

ఆ వేసవి టైము చీటీలు నా పెట్టెలో ఇప్పటికీ ఉన్నాయి. నాయనకు రాత అంతంతమాత్రం. గళ్ళలో అంకెలు, సంతకం, అంతే. చివరి గడి అన్ని రోజులూ ఖాళీ. మే పదో తేదీ చీటీలో మాత్రం బయల్దేరింది ఐదు, సంచి మారింది తొమ్మిది, చేరింది పదికి మూడు నిమిషాలు తక్కువ అని ఉంటుంది. దాని పక్కన, ఆలస్యానికి కారణం అన్న గడిలో, ఆయన పెద్దపెద్ద అక్షరాలు కూడబలుక్కుని రాసినవి నాలుగే మాటలు.

"ఆలస్యం బస్సుది. మాది కాదు."